"ప్రార్థన చేశాం, ఇక ఎవరూ మాట్లాడొద్దు" అన్నారు పెద్దలు. సండే స్కూల్ టీచర్‌గా నేనేం చేయాలి?

సండేస్కూల్_టీచర్
మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. స్వతంత్ర సంఘం, మా పైన బిషప్పు, సినడ్ లాంటివేమీ లేవు. పాస్టర్ గారు, సంఘ పెద్దలు, అంతే.

మా క్లాసుకి వచ్చే పన్నెండేళ్ల పాప వాళ్లమ్మ ఈమధ్య ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. కీబోర్డు నేర్పించే యూత్ లీడర్ ప్రాక్టీసు అయ్యాక పాపని ఒక్కదాన్నే ఉంచేస్తున్నాడట, ఒంటి మీద చేతులు వేస్తున్నాడట. రాత్రిళ్లు వాళ్లమ్మ ఫోనుకే, పాప కోసమని మెసేజులు. ఆమె మొదట పాస్టర్ గారికే చెప్పింది. పెద్దలు కూర్చున్నారు, అతన్ని పిలిచారు. అతను ఏడ్చి "చెల్లెలిలా చూశాను, తప్పుగా అర్థం చేసుకున్నారు" అన్నాడు. అందరూ తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఇప్పుడు అతన్ని పల్లెలో ఉన్న బ్రాంచ్ సంఘానికి పంపారు. అక్కడ కూడా పిల్లల పరిచర్యే!

తల్లికి చెప్పిందేమిటంటే, "పాప భవిష్యత్తు చూడమ్మా, రేపు సంబంధాలు రావాలి కదా." నాకు చెప్పింది, "విషయం ముగిసింది, సంఘం పేరు పోగొట్టకు." నాకు నిద్ర పట్టడం లేదు. పాస్టర్ గారంటే నాకు గౌరవం, నా పెళ్లి చేసింది ఆయనే. కానీ ఇది ముగిసిపోయినట్టేనా?

నల్లకోటు
ముగియలేదు. ముగించే అధికారం పెద్దలకి లేదు కూడా.

2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ చూడండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. అందులో తల్లీ ఉంది, టీచరూ ఉన్నారు, పాస్టరూ ఉన్నారు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థని నడిపే మనిషి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, పైన జరిమానా. మీ పాస్టర్ గారు ప్రస్తుతం నిలబడి ఉన్నది అక్కడే.

ఇంకొకటి. మత సంస్థలో పనిచేసేవాళ్లు ఆ సంస్థలోని బిడ్డ మీద చేసే నేరాన్ని ఈ చట్టం మామూలు నేరంగా చూడదు, తీవ్రమైన నేరంగా లెక్కేస్తుంది. తాకడం వరకే అయినా అయిదేళ్లకి తగ్గని శిక్ష.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. లేదా నేరుగా స్టేషన్‌కి వెళ్లండి. మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదని కూడా అదే 19వ సెక్షన్‌లో ఉంది.

బెరయ_పాఠకుడు
లాయర్ గారు చట్టం చెప్పారు, సంతోషం. కానీ మనం విశ్వాసులం. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు క్రమం చెప్పాడు. ముందు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లాలి, ఆ తర్వాత సంఘానికి చెప్పాలి. పౌలు కూడా సహోదరుల మధ్య వ్యాజ్యాలు అన్యజనుల ఎదుటికి తీసుకెళ్లొద్దన్నాడు. పెద్దలు వాక్యం ప్రకారమే చేశారు కదా?

పాస్టరమ్మ_కోనసీమ
బ్రదర్, అదే 18వ అధ్యాయం మొదటి నుంచి చదవండి. చిన్నపిల్లలలో ఒకరిని అభ్యంతరపరిచేవాడి మెడకి తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే వాడికి మేలని ఆరో వచనంలో ఉంది. మీరు చెప్పిన క్రమం పదిహేనో వచనంలో మొదలవుతుంది, అది ఇద్దరు సహోదరుల మధ్య తగాదాకి. పన్నెండేళ్ల పిల్ల తనని ముట్టుకున్న మగవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్లి "అన్నయ్యా, నువ్వు తప్పు చేశావు" అని చెప్పాలా? ఆ క్రమాన్ని ఇక్కడ వాడితే పాపని మళ్లీ అతని ముందు కూర్చోబెట్టినట్టే.

పౌలు చెప్పింది సొమ్ము తగాదాల గురించి. నేరం చేసినవాడిని శిక్షించే అధికారం ప్రభుత్వానికి ఉందని రోమా 13లో ఆయనే రాశాడు. నేను కూడా పాస్టరు భార్యనే. మా ఆయన ఇదే వాక్యం మీద మా సంఘంలో రెండు ఆదివారాలు మాట్లాడారు.

గోదారిగట్టు
చెప్పాలంటే ఇబ్బందిగా ఉంది కానీ చెప్తాను. బయట పరిస్థితి చూస్తున్నారుగా. ప్రార్థన కూడిక జరిగితేనే గొడవలు. ఇలాంటిది స్టేషన్‌కి వెళ్తే రేపు యూట్యూబ్‌లో "చర్చిలో దారుణం" అని థంబ్‌నెయిల్. ఒక్కడు చేసిన దానికి చుట్టుపక్కల సంఘాలన్నీ నిందపడాలి. పాపకి న్యాయం జరగాలి, కాదనను. కాస్త తెలివిగా జరగాలంటున్నాను.

డల్లాస్_బాబాయ్
గోదారిగట్టు గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది, మా అన్నయ్య పల్లెలో పాస్టరే. కానీ పేరు కాపాడుకుందామని దాచిపెట్టిన చోటల్లా చివరికి పోయింది ఆ పేరే.

నేనుండే టెక్సాస్‌లో సదరన్ బాప్టిస్టులు అనే ప్రొటెస్టెంటు సంఘాలవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మన స్వతంత్ర సంఘాల్లాగే వాళ్లలో ఏ సంఘానికి ఆ సంఘమే. "మాకు పైన అధికారం లేదు, ఉమ్మడి జాబితా పెట్టలేం" అని ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చారు. ఒక చోట తప్పు చేసిన పాస్టరు మరో చోట చేరేవాడు. 2019లో హ్యూస్టన్ పత్రిక ఒకటి తవ్వి తీసింది. 2022 మేలో బయటి సంస్థ చేసిన విచారణ నివేదిక వచ్చింది. నిందితుల పేర్లతో ఒక జాబితా ఆఫీసులోనే రహస్యంగా ఉందని అప్పుడు తేలింది, ఏడు వందల పైచిలుకు పేర్లు! జాబితా పెట్టలేం అన్నవాళ్ల బీరువాలోనే జాబితా.

ఇంగ్లండు సంగతి ఇంకా ఘోరం. జాన్ స్మైత్ అనే లాయరు క్రైస్తవ క్యాంపుల్లో మగపిల్లల్ని కొట్టి హింసించాడని 1982లోనే కొందరు పెద్దలకి తెలుసు. పోలీసులకి చెప్పలేదు. అతను జింబాబ్వే వెళ్లిపోయాడు, అక్కడ మళ్లీ క్యాంపులు, మళ్లీ పిల్లలు. తర్వాత దక్షిణాఫ్రికా. కోర్టు మెట్లెక్కకుండానే 2018లో చనిపోయాడు. 2024 నవంబరులో నివేదిక వచ్చాక ఇంగ్లండు చర్చి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేయాల్సి వచ్చింది. 2013లో తన చెవిన పడినప్పుడు పోలీసుల దాకా వెళ్లేలా చూడలేదన్నదే ఆయన మీద వచ్చిన మాట.

టీచర్ గారి పాస్టరు చేసింది కూడా అదే. అక్కడ దేశం దాటించారు, ఇక్కడ పల్లె దాటించారు.

ఖమ్మం_కుర్రాడు
బాబాయ్ చివరి లైనుకి ఇంక నేను కలిపేదేం లేదు. ఆ పల్లెలో పిల్లల తల్లిదండ్రులకి ఈ సంగతి తెలుసా అసలు?

సండేస్కూల్_టీచర్
తెలియదు. "కొత్త అన్న వచ్చాడు, పాటలు బాగా నేర్పిస్తాడు" అని సంతోషంగా ఉన్నారట. నన్ను ఎక్కువ పీడిస్తున్నది అదే.

తెనాలి_పెద్దాయన
అందరూ అతనే చేశాడని తీర్మానించేశారు. నలభై ఏళ్లుగా సంఘంలో ఉన్నవాణ్ని, పగతో పెట్టిన ఫిర్యాదులు కూడా చూశాను. ఒక సంఘంలో పాస్టరు పదవి కోసం ఎదుటివాడి మీద ఆడమనిషితో చెప్పించారు. ఆ పాస్టరు కుటుంబం ఊరు వదిలిపోయింది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద అంగీకరించవద్దని పౌలు తిమోతికి రాసిన పత్రికలో (ఉత్తరంలో) ఊరికే లేదు.

నల్లకోటు
పెద్దాయన గారూ, అబద్ధపు ఫిర్యాదులు ఉండవని నేను అనడం లేదు. పెద్దవాళ్లు కావాలని అబద్ధపు ఫిర్యాదు పెడితే శిక్ష ఉందని ఇదే చట్టం 22వ సెక్షన్ చెప్తోంది. నిజమో అబద్ధమో తేల్చేది ఎవరన్నదే ఇక్కడ ప్రశ్న. పెద్దలకి ఫోను డేటా తీయించే అధికారం లేదు, పిల్లల వాంగ్మూలం తీసుకునే శిక్షణ లేదు. పైగా అతను వాళ్లకి బంధువు కావచ్చు, స్నేహితుడు కావచ్చు. అతను నిర్దోషి అయితే అతని పేరు నిలబెట్టేది కూడా సరైన విచారణే. ప్రార్థన చేసి పల్లెకి పంపితే జీవితాంతం గుసగుసలు మిగులుతాయి.

విచారణ తేలేదాకా పరిచర్యకి దూరంగా ఉంచడం అతన్ని దోషి అనడం కాదు. గవర్నమెంటు ఉద్యోగిని విచారణలో సస్పెండ్ చేస్తారు, మనమేమైనా తీర్పు అయిపోయిందంటామా?

సాక్షుల మాట. ఇలాంటి నేరం ఎవరూ సాక్షుల్ని పెట్టుకుని చేయరు.

పాత_హాస్టల్_పిల్ల
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను మిషను హాస్టల్లో చదువుకున్నాను. అమ్మానాన్న కూలీలు, హాస్టలు లేకపోతే నాకు చదువు లేదు. అక్కడ లెక్కలు చూసే ఒకాయన ఆడపిల్లల్ని స్టోర్ రూమ్‌కి పిలిచేవాడు, బియ్యం కొలవడానికి. నేను వార్డెనమ్మకి చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునేది. కానీ "ఇది బయటికి వెళ్తే హాస్టల్ మూసేస్తారు, మీరంతా ఇంటికి పోవాలి" అంది. నా ఒక్కదాని నోటి మీద అందరి చదువూ పెట్టింది. నేను నోరు మూసుకున్నాను. నా తర్వాత వచ్చిన పిల్లలకి కూడా అదే జరిగిందని పెద్దయ్యాక తెలిసింది.

గోదారిగట్టు గారు చెప్పిన మాట వార్డెనమ్మ చెప్పిన మాటే. సంఘం పేరు, హాస్టల్ పేరు, క్రైస్తవుల పేరు. ఇంత బరువు ఎత్తి చిన్నపిల్ల తల మీద పెడతారు.

టీచర్ గారూ, పాపని మళ్లీ మళ్లీ అడగకండి. "నిజం చెప్పు, దేవుడు చూస్తున్నాడు" అని అస్సలు అనకండి. చెప్పింది నమ్మానని, తన తప్పేమీ లేదని చెప్పండి. నాకు ఆ రెండు మాటలూ చెప్పినవాళ్లు లేరు. ఇప్పటికీ సంఘానికి వెళ్తాను, దేవుడి మీద కోపం లేదు. బియ్యం వాసన మాత్రం పడదు.

గోదారిగట్టు
చెల్లెమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. యూట్యూబ్ వాళ్ల సంగతి తర్వాత చూద్దాం. పాప ముందు.

విశాఖ_కేథలిక్
మా వైపు సంగతి చెప్తాను, ఎందుకంటే "మీకైతే బిషప్పు, పోపు ఉన్నారు" అంటారు. ఉన్నా జరిగింది. బోస్టన్‌లో 2002లో పత్రిక బయటపెట్టేదాకా ఫాదర్లని ఒక విచారణ నుంచి మరో విచారణకి మారుస్తూ పోయారు (విచారణ అంటే మా భాషలో పేరిష్, లాయర్ గారు కంగారు పడొద్దు). అమెరికాలో 1950 నుంచి 2002 వరకు 4,392 మంది ఫాదర్ల మీద ఆరోపణలు వచ్చాయని బిషప్పులే చేయించిన అధ్యయనంలో తేలింది.

కేరళలో కొట్టియూర్ కేసు అయితే, పేరిష్ ఫాదర్ వల్ల పదహారేళ్ల అమ్మాయి తల్లయింది. కన్నతండ్రే కారణమని చెప్పించాలని చూశారు! 2019లో తలశ్శేరి పోక్సో కోర్టు ఆ ఫాదర్‌కి ఇరవై ఏళ్ల శిక్ష వేసింది, తర్వాత హైకోర్టు దాన్ని పదేళ్లకి తగ్గించింది. అమ్మాయీ తల్లిదండ్రులూ కోర్టులో మాట మార్చినా, డీఎన్ఏ నిలబెట్టింది.

మార్పు కూడా వచ్చింది. పోప్ ఫ్రాన్సిస్ 2019 మేలో కొత్త నియమం తెచ్చారు, ఫాదర్లు, సిస్టర్లు తమకి తెలిసింది పై అధికారులకి చెప్పి తీరాలి, బిషప్పే దాచినా ఆయన మీద విచారణ. ఆ డిసెంబరులోనే ఈ కేసులకి ఉన్న "పోప్ రహస్యం" ఎత్తేశారు. ఇక మేం రహస్యమని చెప్పి పోలీసులకి కాగితాలు ఇవ్వకుండా ఉండలేం. కాగితం మీద బాగుంది. ఊళ్లో మాత్రం ఫాదర్ మీద ఫిర్యాదు ఎవరికివ్వాలో మా పేరిష్‌లో సగం మందికి ఇప్పటికీ తెలియదు. గుడి గోడ మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాయించమని అడుగుతున్నాం.

మోడరేటర్
పైన ఒక పోస్టులో ఊరి పేరు, పాప చదివే స్కూలు వివరం కనిపించాయి, తీసేశాను. పోక్సో 23వ సెక్షన్ ప్రకారం బిడ్డ ఎవరో తెలిసేలా ఏ వివరమూ ప్రచురించకూడదు. నిందితుడి పేరు కూడా ఇక్కడ వద్దు. చిన్న ఊళ్లో అతని పేరు చెప్తే పాప పేరు చెప్పినట్టే.

కర్నూలు_కొండారెడ్డి_బురుజు
పాప సంగతి సరే. మా క్వయర్‌లో పందొమ్మిదేళ్ల అమ్మాయికి ఇలాంటి ఇబ్బందే. పోక్సో రాదు కదా, ఆమెకి దారి ఏంటి?

నల్లకోటు
ఆమె మేజరు, ఏం చేయాలన్నది ఆమె నిర్ణయం. ఆమె తరఫున మీరు నిర్ణయించకండి, తోడుగా ఉండండి. పోలీసు ఫిర్యాదు ఒక దారి. 2013 నాటి పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం ఇంకో దారి. జీతం లేకుండా సేవ చేసేవాళ్లు కూడా దాని కిందకి వస్తారు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి, ఆలస్యం చేయొద్దని చెప్పండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా సఖి కేంద్రం (ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) వాళ్లు దారి చూపిస్తారు.

సండేస్కూల్_టీచర్
వెళ్లాం. వివరాలు రాయను, మోడరేటర్ గారు చెప్పింది నిజం.

తల్లి, నేను కలిసి 1098కి ఫోన్ చేశాం. తర్వాత మహిళా ఎస్సై మామూలు చీరలో ఇంటికే వచ్చింది. పాపతో పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడింది. నేను స్టేషను, లాఠీలు ఊహించుకుని వణికాను, అలా ఏమీ జరగలేదు. బాలల సంక్షేమ కమిటీ నుంచి పాపకి తోడుగా ఒక మనిషిని ఇస్తామన్నారు, కేసు అయ్యేదాకా ఉంటారట. పల్లెలో అతని పని ఆగింది.

పాస్టర్ గారు నాతో మాట్లాడటం లేదు. ఆదివారం నేను కూర్చున్న వరస ఖాళీ అయింది. ఒక పెద్దాయన మాత్రం, అసలు నేను ఊహించనివారు, తన భార్యని తీసుకొచ్చి నా పక్కన కూర్చున్నారు. సండే స్కూల్ నానుంచి తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. తీసేస్తే తీసేశారు. ఆ పాప ముఖం చూశాక నాకు వేరే దారి లేదు.

పాత_హాస్టల్_పిల్ల
ఏడుస్తూ చదివాను. థాంక్యూ అక్కా.

బెరయ_పాఠకుడు
మంచి పని చేశారు. పాస్టరమ్మ గారు చెప్పాక మళ్లీ చదివాను, ఆరో వచనం దాటి పదిహేనుకి వెళ్లలేం. కానీ ఒక సందేహం మిగిలింది. అతను బెయిల్ మీద వస్తే ఆరాధనకి రావొచ్చా? పాపిని వెళ్లగొట్టే సంఘం ఎలా అవుతుంది?

డల్లాస్_బాబాయ్
మాకు ఇలాంటి పరిస్థితి వచ్చింది. కాగితం మీద రాసి సంతకం పెట్టించాం, పిల్లలున్న ఏ కూడికకీ రాకూడదని. ఒక పెద్ద ప్రతి వారం అతని ఇంటికి వెళ్లి ప్రార్థన చేసేవారు. పశ్చాత్తాపం ఉన్నవాడు ఆ షరతులకి ఒప్పుకుంటాడు.

పాస్టరమ్మ_కోనసీమ
హాలు ఒకటే ఉన్నప్పుడు, అందులో కూర్చునే మొదటి హక్కు పాపది. ఇద్దరూ ఒకే చోట ఉండలేకపోతే మారాల్సింది అతనే. క్షమించడం వేరు, పిల్లల మధ్యకి మళ్లీ పంపడం వేరు. డబ్బు దొంగిలించినవాణ్ని క్షమిస్తాం, కానుకల పెట్టె తాళం మళ్లీ ఇస్తామా?

వేసవి వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ స్కూల్) కోసం మా సంఘంలో పెట్టుకున్నవి చెప్తాను. ఏ గదిలోనూ పిల్లలతో ఒక్క పెద్దవాళ్లే ఉండకూడదు, ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు. తలుపులు తీసే ఉండాలి. పిల్లల్ని బైకు మీద ఇంటికి దింపడం ఆపేశాం, తల్లిదండ్రులే రావాలి. దీనికి బాగా గొడవ అయింది, కూలికి వెళ్లే తల్లులకి కుదరదన్నారు, నిజమే. అందుకని ఇద్దరు అమ్మలు కలిసి వీధి వీధికీ నడిపించుకుంటూ దింపుతున్నారు. పిల్లలకి విడిగా మెసేజులు పెట్టకూడదు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే. కొత్తగా వచ్చినవాళ్లకి ఆరు నెలలయ్యేదాకా పిల్లల పని ఇవ్వం. అంతకుముందు వాళ్లున్న సంఘానికి ఫోన్ చేసి సూటిగా అడుగుతాం, "పిల్లల విషయంలో ఈయన మీద ఏమైనా మాట వచ్చిందా?" అని.

నల్లకోటు
పోలీసు వెరిఫికేషన్ కూడా కలపండి. పిల్లలతో క్రమం తప్పకుండా పనిచేసే సంస్థలు తమ సిబ్బందికి అది చేయించాలని 2020 పోక్సో రూల్స్‌లో ఉంది. పిల్లలకి కూడా చెప్పండి, ఎవరు ముట్టుకుంటే ఎవరికి చెప్పాలో. మనం పెద్దవాళ్ల కోసమే రూల్స్ రాసుకుంటాం.

ఖమ్మం_కుర్రాడు
మా దగ్గర కీబోర్డు ప్రాక్టీసుని లోపలి గది నుంచి వరండాలోకి మార్చాం. ఎదురింటి తాతకి పాటలన్నీ కంఠతా వచ్చేశాయి, నిన్న రెండో చరణం తప్పు పాడారని వచ్చి సరిచేశాడు.

తెనాలి_పెద్దాయన
మా సంఘ కమిటీలో ఇది పెడతాను. నేను చెప్తే కాదనరు. పాస్టరమ్మ గారూ, మీ కాగితం ఇక్కడ పెట్టండి తల్లీ.

పాస్టరమ్మ_కోనసీమ
రాత్రికి టైప్ చేసి పెడతాను అంకుల్. మొదటి లైను ఇది: "ఏదైనా అనుమానం వస్తే వెంటనే పాస్టర్ గారికి తెలియజేయాలి."

నల్లకోటు
ఆ లైను మార్చండి. పాస్టర్ మీదే ఫిర్యాదైతే? ముందు 1098, లేదా పోలీసులు. ఆ తర్వాత సంఘంలో ఇద్దరి పేర్లు, ఒకరు తప్పకుండా ఆడవాళ్లు, ఇద్దరిలో ఎవరూ పాస్టరు కుటుంబం కాకూడదు.

పాస్టరమ్మ_కోనసీమ
నిజమే, ఆ లైను మా ఆయన రాశారు. మార్చమని చెప్పాను, ఒప్పుకున్నారు. ఇద్దరి పేర్లు ఆదివారం సంఘంలో అందరి ముందు నిర్ణయించి, నంబర్లతో సహా గేటు దగ్గర రాయిస్తాం. మారిన కాగితం రాత్రికి పెడతాను.

సండేస్కూల్_టీచర్
నాకూ ఒకటి కావాలి. ఆ పల్లె సంఘం వాళ్లు పిల్లల తల్లిదండ్రులతో మీటింగ్ పెడుతున్నారు, నన్ను రమ్మన్నారు.

నల్లకోటు
వెళ్లండి. కేసు వివరాలు మాత్రం మాట్లాడకండి. అతను అక్కడున్న రోజుల్లో తమ పిల్లలకి ఏమైనా జరిగిందేమోనని తల్లిదండ్రులకి అనుమానం ఉంటే, మీకు చెప్పించుకోవద్దు, నేరుగా ఎస్సై గారికే చెప్పమనండి.